విమానం తోక మీద ఎన్

మొన్న మంగళవారం పొద్దున మా డ్రైవరన్న పోయాడు. కబురు విన్నాక నాకు ఏడుపు రాలేదు. నన్ను బతికించి ఊరు చేర్చిందీ ఆయనే, నా మొగుణ్ణి పోగొట్టిందీ ఆయనే. పోయినవాళ్ళను పొగడాలంటారు. పొగుడుతాను, కానీ ఉన్నదంతా చెప్పి.

కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు అన్నా నేనూ అక్కడి సల్వా పేటలో ఒకే ఇంట్లో పనికి ఉండేవాళ్ళం. ఆయన కారు నడిపేవాడు, నేను వంట చేసేదాన్ని. మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీలూ, మేం మామా అని పిలిచే ఆయన భార్యా మా పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసి సరిహద్దు దాటిపోయారు. అన్న నన్ను కారెక్కించుకుని ఊరవతల ఎడారిలో, కబ్ద్‌లో మా ఆయన గొర్రెలు కాసే తోటకు చేర్చాడు. ఒక్క రొట్టె దొరికినా మూడు ముక్కలు చేసి చిన్నది తాను తీసుకునేవాడు.

"కూసోని బండి తోలేవానికి ఆకలెందుకైతాది మ్మా" అనేవాడు.

జనవరిలో అమెరికా విమానాల బాంబులు మొదలయ్యాయి. ఒకనాడు కూలిన అమెరికా విమానం తోక రేకు తోట అవతల ఇసుకలో దొరికింది. దాని మీద ఎన్ అని పెద్ద అక్షరం, పక్కన సగం విరిగిన ఇంకోటి. అన్న ఒకప్పుడు బస్సు డిపోలో క్లీనరు. అల్లంత దూరాన బస్సు కనబడితే చాలు, అక్షరాలు చూసి ఏ డిపోదో చెప్పేవాడు.

"ఇది ఓడ డిపో గుర్తు రా" అన్నాడు మా ఆయనతో. "పాక మింద పెడ్దాం. సొంత డిపో గోడను యా డ్రైవరన్నా గుద్దుతాడా?"

ఆయన అన్నదాంట్లో సగం నిజమేనని చాలా ఏళ్ళకు తెలిసింది. ఒక్కో విమానవాహక నౌక మీది విమానాలకు రెండక్షరాల గుర్తు ఉంటుందట. అట్లాంటిక్ వైపువైతే ఏ, పసిఫిక్ వైపువైతే ఎన్ మొదటి అక్షరమట. అంత ఎత్తులోంచి ఆ గుర్తును ఎవరూ వెతుక్కోరని మాత్రం మాకప్పుడు తెలియదు.

రేకును పాక మీద పెట్టి, విరిగిన అక్షరాన్ని అన్న తనకు తోచినట్టు తెల్లరంగుతో పూర్తిచేశాడు. మా ఆయన డబ్బా పట్టుకున్నాడు. పనయ్యాక అన్న డ్రైవర్ల అలవాటుగా పెట్రోలు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మా ఆయన మాత్రం చేతులు లుంగీకి రాసుకుని గొర్రెల దగ్గరికి పోయాడు.

మర్నాడు ఇరాకీ సైనికులు వచ్చారు. రంగు ఇంకా ఆరలేదు. శత్రువుకు సైగ చేసిందెవరని అరిచి, చేతులు చాపమన్నారు. అన్న చేతులు శుభ్రంగా ఉన్నాయి. మా ఆయన వేళ్ళకు తెల్లరంగు. ఆయన నోరు తెరవబోతే తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. నేను అన్న వైపు చూశాను. అన్న నేల వైపు చూశాడు. మా ఆయన్ను జీపులో వేసుకుపోయారు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

ఊరొచ్చాక, నేను ఇక్కడే వదిలివెళ్ళిన నా కూతుర్ని బడిలో వేసింది అన్నే. నా ఇల్లు కురిస్తే నిచ్చెన వేసుకుని ఎక్కిందీ అన్నే. ఏటా జనవరిలో తన ఇంటి గేటుకు తెల్లరంగు వేసి, ఆ చేతులతోనే మా గుమ్మం ముందు కూర్చునేవాడు. మళ్ళీ పెట్రోలు గుడ్డ ముట్టలేదు.

"రంగేసింది నేనేనని సెప్పింటే అయిపోయేది. నోరు రాల్యా మ్మా. తిట్టన్నా తిట్టు" అన్నాడొకసారి.

మజ్జిగ ఇచ్చి లోపలికి పోయాను. తిడితే ఆయన బరువు దిగుతుందని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ తిట్టు దాచుకున్నాను.

మంగళవారం స్నానం చేయించేటప్పుడు వేళ్ళకున్న ఈ జనవరి గేటు రంగు తుడవాలని ఆయన కూతురు పెట్రోలు గుడ్డ తెచ్చింది.

"ఉండనీ మ్మే" అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి ఆగిపోయింది.

పాడె ఎత్తినప్పుడు కుడి చెయ్యి గుడ్డలోంచి బయటికి జారింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ తెల్లటి వేళ్ళు కనబడుతూనే ఉన్నాయి.