ఉప్పల్ నుంచి నాచారం: ఉపవాసం అనుకున్న నొప్పి

నా రాత కోడిగీతలు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. కాగితం మీద రాసినదాన్ని మా కోడలు ఫోనులో ఎక్కిస్తున్నది. తప్పులుంటే మన్నించండి.

శుక్రవారం శుక్రవారం నాచారంలో ఉపవాస ప్రార్థనకు వెళ్తాను. ఆ దారిన వచ్చేవాళ్ల కోసం ఇది. ఎనిమిదిన్నరకల్లా ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేరు ఆటో ఎక్కితే హబ్సిగూడ మీదుగా అరగంట, ముప్పై రూపాయలు. మధ్యాహ్నం ప్రార్థన ముగిసేదాకా మేము మంచినీళ్లు కూడా ముట్టము.

మొన్నటి శుక్రవారం ఇంటి మెట్లు దిగుతుంటేనే రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఖాళీ కడుపు, గ్యాసు అనుకున్నాను. ఉపవాసం నాడు ఒళ్లు ఎదురు తిరుగుతుంది, ఓర్చుకోవాలని మా సంఘంలో అంటారు. ఓర్చుకున్నాను. ఆటోలో కూర్చున్నాక నొప్పి ఎడమ భుజంలోకి, దవడలోకి పాకింది. చలిగాలిలో చొక్కా తడిసిపోయింది. చచ్చిపోతానేమోనని భయం పట్టుకుంది. కానీ పక్కన ముగ్గురు డ్యూటీలకు వెళ్లేవాళ్లు. ఆటో ఆపమని ఎట్లా అడగను?

హబ్సిగూడ సిగ్నలు దగ్గర డ్రైవరు అద్దంలో చూశాడు. "కాకా, మేం చలికి వణుకుతున్నం, నీకు చెమటలేంది?"

"ఏం లేదు. ఉపవాసం."

"చెయ్యి ఎందుకట్ల పట్టుకున్నవ్? గుంజుతుందా?"

తల ఊపాను.

"మా నాయన గిట్లనే ఏం లేదన్నడు. గ్యాసు గోలీ ఏసుకొని పండుకున్నడు, మల్ల లేవలే." వెనక్కి తిరిగి, "దవాఖానకు తిప్పుతున్న. దిగేటోళ్లు దిగున్రి" అన్నాడు.

నా పక్కనున్నామె టిఫిను డబ్బా కింద పెట్టి నా కాలరు గుండీ విప్పింది. "దిగుడేంది, పోనియ్యి. మా సూపర్‌వైజరు ఉత్తగనే తిడ్తడు. ఇయ్యాల జర కారణముంటది."

దవాఖానలో సిస్టరు ఈసీజీ తీసి, డాక్టరుకు చూపించి, గోలీ తెచ్చి నమలమంది. నేను గోలీ పక్కకు నెట్టాను.

"మధ్యాహ్నం దాకా ఏం ముట్టను, సిస్టరమ్మా."

"తాతా, మధ్యాహ్నం సూడనీకి నువ్వు బతకాలె గద."

నమిలాను. పుల్లగా ఉంది. గుండెపోటే అన్నారు. ఆ రోజే స్టెంటు వేశారు.

ఇప్పటికీ మెట్ల మధ్యలో ఆగి రొమ్ము తడుముకుంటాను. దేవుని కోసం ఓర్చుకున్నానని అందరికీ చెప్పాను. నిజం అది కాదు. ముగ్గురికి ఆలస్యమవుతుందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే పోయేవాణ్ణి.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క మాట. రొమ్ము బరువెక్కినా, చెయ్యి, దవడ గుంజినా, ఊరికే చెమట పట్టినా, ఆయాసం వచ్చినా గ్యాసనుకోకండి. పక్కవాళ్లకు చెప్పి వెంటనే 108కి ఫోను చేయించండి. మీ ఇంట్లో "ఏం లేదు" అనే పెద్దమనిషి ఉంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి. ఏమన్నారో నాకు తొందరగా రాయండి. జవాబు ఆలస్యమైతే ఇప్పుడు నాకు భయం.