పడవలో కొత్త స్పీకర్లు

స్టూడెంట్‌గా కెనడాలోని సర్రీకి వచ్చిన రెండో వేసవికి అలసట నాకు అలవాటైపోయింది. పొద్దున కాఫీ షాపు, ఆ తర్వాత క్లాసులు, క్లాసుల్లేని మధ్యాహ్నాలూ వారాంతాలూ కార్ల స్టీరియోలు బిగించే షాపు. అప్పట్లో స్టూడెంట్ల పని గంటల మీద ఉన్న హద్దును ప్రభుత్వం కొంతకాలం ఎత్తేసింది. దాంతో మా కాలేజీలో అందరం పని మధ్యలో క్లాసుకు వచ్చిపోయేవాళ్లలా తిరిగేవాళ్లం. ఏ వరసలో కూర్చున్నా తెలుగు వినిపించేది, అదీ ఎక్కువగా షిఫ్టుల గురించే. ఎలా ఉన్నావని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. మొహాలు చూస్తే తెలిసిపోయేది.

ఏలూరు దగ్గర ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేశాను. అది విని స్టీరియో షాపు ఓనరు నన్ను కౌంటరు నుంచి వైరింగు పనికి మార్చాడు. ఆయన పంజాబీ, పెద్దగా మాట్లాడడు. ఎండలు మొదలైతే మాకు కార్లకంటే పడవల పని ఎక్కువ. చలికాలమంతా కవర్ల కింద పడున్న పడవలు నీళ్లలోకి దిగగానే అందరికీ పాటలు కావాలి.

ఒక శనివారం ఆయన నన్నూ సామాన్నీ వ్యాన్‌లో తీసుకెళ్లి ఊరికి దక్షిణాన పడవలు కట్టేసుకునే ఒక మెరీనాలో దింపాడు. కస్టమరు మీ తెలుగువాడే, సౌండు బాగాలేదని గొడవ చేస్తున్నాడు, పాతవన్నీ పీకి కొత్తవి పెట్టు అని చెప్పి వెళ్లిపోయాడు.

పడవ చిన్నదే. ముందువైపు ఇద్దరు పడుకునేంత కేబిన్, వెనక కూర్చోవడానికి బెంచీలు. అరవైకి దగ్గరపడ్డ అంకుల్ ఒకరు అటు తిరిగి తాడు ముడి వేసుకుంటున్నారు. చెక్క వంతెన మీద నిలబడి పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. కేబిన్‌లోంచి ఆంటీ తల బయటపెట్టి ఆయన భుజం తట్టారు. అప్పుడు తిరిగి చూసి, వచ్చింది ఆడపిల్ల కావడంతో కాస్త తడబడి, రామ్మా అన్నారు.

అమెరికా మీదుగా ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారట. ఈ పడవ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆదివారాలు దీని మీద తిరుగుతూ పాత పాటలు వినాలన్నది ఆయన కోరిక. పాటలో డప్పు వినిపిస్తోంది కానీ మాట వినిపించడం లేదని, గాయని ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టు ఉందని చెప్పారు.

పాత స్పీకర్లు విప్పి చూస్తే ఆయన ఫిర్యాదు నిజమే అనిపించింది. ఉప్పుగాలికి వైర్ల చివర్లు ఆకుపచ్చగా తుప్పుపట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. అన్నీ తీసేశాను. కొత్త స్పీకర్లు పెద్దవి కావడంతో ఫైబర్ గోడలో రంధ్రాలు పెద్దవి చేయాల్సి వచ్చింది. ఆ పొడి మెడ మీద పడి దురద. స్టీరింగ్ పక్కన దిక్సూచి ఉంది. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది కనుక దగ్గరగా పెడితే సూది పక్కకు తిరుగుతుంది. అందుకని ఆ స్పీకర్‌ని దూరం జరిపి, దానికోసం ఇంకోసారి వైరు లాగాను. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని చేతులు పైకెత్తి పనిచేస్తుంటే భుజాలు నావి కావనిపించింది. పొద్దున నాలుగింటికి లేచిన శరీరం అది.

మధ్యలో ఆంటీ పెరుగన్నం, టమాటా పచ్చడి పెట్టారు. తింటుంటే నా పక్కన కూర్చుని, ఎక్కడుంటున్నావని అడిగారు. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అంటే, వెలుతురు వస్తుందా అన్నారు. తను ఈ పడవ ఎక్కడమే అరుదట. ఆ పాటల మోతకు తలనొప్పి వస్తుందని, కొత్తవి పెడితే ఇంకా పెంచుతారేమోనని భయంగా ఉందని నెమ్మదిగా చెప్పారు. అంకుల్ అక్కడే ఉన్నారు. ఆయనకు వినపడుతుందేమో అన్న జంకు ఆవిడ గొంతులో లేదు. నాకప్పుడు అది తట్టలేదు.

సాయంత్రానికి పని పూర్తయింది. పాట పెట్టాను. నా చెవికి చక్కగా ఉంది. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తెలుస్తోంది. అంకుల్ కాసేపు విని తల అడ్డంగా ఊపారు. మాట ఇంకా స్పష్టంగా లేదన్నారు. వైర్లు మళ్లీ చూశాను. సెట్టింగులు మార్చాను. అదే మాట. ఓనరుకు ఫోన్ చేస్తే, కస్టమరు ఒప్పుకునేదాకా రావద్దన్నాడు.

స్పీకర్లో సన్నని స్వరాలు సరిగా పలుకుతున్నాయో లేదో చూడటానికి నా ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. సన్నని ఈలలాంటి శబ్దం వస్తుంది. అది పెట్టి, ఏ స్పీకర్ తేడాగా ఉందో చెప్పమని అంకుల్‌ని అడిగాను. శబ్దం మొదలైంది. ఆంటీ మొహం చిట్లించి రెండు చెవులూ మూసుకున్నారు. పక్క పడవలో కుక్క లేచి నిలబడింది.

అంకుల్ స్పీకర్ వైపు చూస్తూ నిలబడ్డారు. "మొదలుపెట్టావా అమ్మా?" అని అడిగారు.

మర్యాదగా తప్పించుకునే మాట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వెతికే ఓపిక నాకు లేదు. ఆయనకు ఎదురుగా నిలబడి చెప్పాను. "ఎప్పుడో మొదలైంది అంకుల్. ఇంకా మోగుతూనే ఉంది. స్పీకర్లలో ఏం లేదు. మీరొకసారి చెవులు టెస్ట్ చేయించుకోండి."

ఆయన ఆంటీ వైపు తిరిగారు. ఆవిడ ఇంకా చెవులు మూసుకునే ఉన్నారు.

"పని సరిగా రాక నా మీద పెడుతున్నావా?" అన్నారు నాతో. గొంతులో కోపంకంటే కంగారు ఎక్కువ. నేను యాప్ ఆపేశాను.

ఆంటీ లేచి ఆయన ముందుకు వచ్చి నిలబడ్డారు. "ఏవండీ, ఇంట్లో టీవీ సౌండ్ పెంచినప్పుడల్లా నేను లేచి పైగదికి పోతున్నాను. రెండేళ్ల నుంచీ. మీకు చెప్తూనే ఉన్నా. మీకు అదీ వినపడట్లేదు."

నేను సామాను సర్దుకున్నాను. ఓనరు వచ్చినప్పుడు అంకుల్ అంతా బాగుందని మాత్రం చెప్పి, మమ్మల్ని చూడకుండా తాళ్లు సర్దుకోవడంలో పడ్డారు. వ్యాన్‌లో ఏం జరిగిందని ఓనరు అడిగితే చెప్పాను. కస్టమరుకు అలా చెప్తారా అని ఆయన విసుక్కున్నాడు. దారంతా దాని గురించే ఆలోచించాలని ఉన్నా, రాత్రి చేయాల్సిన అసైన్‌మెంట్ గుర్తొచ్చి అదీ కుదరలేదు.

వేసవి చివర్లో ఆంటీ షాపుకు ఫోన్ చేసి నన్ను అడిగారు. ఆయన చాలా రోజులు మొండికేసి, చివరికి టెస్టుకు వెళ్లారట. సన్నని శబ్దాలు వినే శక్తి రెండు చెవుల్లోనూ బాగా పోయిందని చెప్పి, చెవిలో పెట్టుకునే మిషన్లు ఇచ్చారట. తర్వాత ఇంకో మాట చెప్పారు.

"పిల్లలు ఇంగ్లీషులో ఏదో గొణుక్కుంటారు, నాతో సరిగా మాట్లాడరు అని ఎప్పుడూ బాధపడేవారమ్మా. మొన్న పెద్దాడు ఫోన్ చేస్తే మాట్లాడి వచ్చి, వాడు బాగానే మాట్లాడుతున్నాడే అన్నారు."

ఒక ఆదివారం నన్ను పడవ మీదికి రమ్మన్నారు. కాఫీ షాపు షిఫ్టు ముగించుకుని, ఒళ్లంతా పాల వాసనతోనే వెళ్లాను. అంకుల్ నన్ను చూసి నవ్వారు, క్షమాపణలాంటిదేమీ చెప్పలేదు, నేనూ ఆశించలేదు. బయల్దేరేముందు ఆయన చటుక్కున ఆగి, ఆ టింగుటింగు ఏమిటని అడిగారు. చుట్టుపక్కల తెరచాప పడవల్లో తాళ్లు గాలికి ఊగి ఇనుప స్తంభాలకు తగులుతున్నాయి. ఎప్పుడూ ఉండేదే అన్నారు ఆంటీ.

"రోజూ ఇంత గోలా? కాస్త బిగించి కట్టుకోవచ్చు కదా వీళ్లు," అన్నారు ఆయన చిరాగ్గా.

నీళ్ల మీదికి వెళ్లాక పాట పెట్టారు. ఇంజను హోరులో మిషన్లు పనికిరావడం లేదని తీసి జేబులో వేసుకుని, సౌండు పెంచబోయి, ఆంటీని చూసి మళ్లీ తగ్గించారు. ఆవిడ స్టీరింగ్ పక్క సీట్లో కూర్చుని, పాటలో అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఆయన వైపు తిరిగి పెదాలు కదిలేలా చెప్తున్నారు. నేను వెనక బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. బిగించడానికి, తుడవడానికి, అందించడానికి ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

ఒడ్డుకు చేరాక భోజనానికి ఇంటికి రమ్మన్నారు. మర్నాడు ఎగ్జామ్ ఉందని చెప్పి, ఆంటీ ఇచ్చిన డబ్బా పట్టుకుని బస్టాపు వైపు నడిచాను.