వజీర్ బిగించిన అడుగురేకు

1972 ఏప్రిల్ 17, సోమవారం. వేడి చూపే ముల్లు, నీళ్లు మరిగే 212 డిగ్రీల దగ్గర ఆగింది. ఆ అంకె దాటి పోవడానికి దానికి ఇక చోటు లేదు. బసంత్‌నగర్ ఇంకా మైలు దూరం ఉందనగా వజీర్ కారును తుమ్మచెట్టు పక్కకు తీసి, బానెట్ ఎత్తి, రెండడుగులు వెనక్కి జరిగాడు. రేడియేటర్ మూత కింది నుంచి ఆవిరి బుసకొడుతోంది. మూడు వారాల్లో ఇది అయిదోసారి. రోడ్డున పోయే బొగ్గు లారీలు వేగం తగ్గించి మరీ చూసిపోతున్నాయి. వాటిలో సగం లారీలు వజీర్ చేతి కింద బాగుపడ్డవే.

వజీర్‌కు నలభై నాలుగేళ్లు. చిన్నతనంలో హైదరాబాదులో ఒక జాగీర్దారు మోటారుఖానాలో పని నేర్చాడు. జాగీరు పోయింది, మోటార్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. పదేళ్ల కిందట గోదావరిఖనికి వచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. అప్పటి నుంచి లారీల కమాను పట్టీలు, ఇరుసులు, బ్రేకులు. బాగైన లారీ వెళ్లిపోతుంది. ఎవరు బాగుచేశారని ఎవరూ అడగరు. తన చేతి పని అని చూపించుకునే బండి ఒక్కటైనా లేదన్నది అతని కొరత.

ఆ కొరత తీర్చుకునే అవకాశం నర్సింగం వల్ల వచ్చింది. గనుల కప్పు కింద నిలబెట్టే దుంగలు సరఫరా చేసే గుత్తేదారు నర్సింగం, పట్నంలో ఎవరో నవాబు ఇంటి సామాను అమ్ముతుంటే ఇద్దరు మాత్రమే కూర్చునే పై కప్పులేని ఎర్ర కారు ఒకటి కొనుక్కొచ్చాడు. పందేలకు పోయిన కారట. ఇంజను మాత్రం చచ్చిపోయింది. వజీర్ దాని స్థానంలో అంతకంటే పెద్దదైన జీపు ఇంజను కూర్చోబెట్టాడు. ఇంజనుకూ సీట్లకూ మధ్యనున్న గోడ కోసి, ఇంజను కూర్చునే దిమ్మెలు జరిపి, రెండు నెలలు కష్టపడ్డాడు. కారు బాణంలా దూసుకుపోయింది. అయితే కొత్త ఇంజనుకు చుట్టూ రెండు వేళ్ల సందు కూడా మిగల్లేదు. వేడంతా ఆ సందులోనే కూర్చుంది.

వజీర్ ఊరుకోలేదు. రేడియేటర్‌కు మరో వరస గొట్టాలు అతికించాడు. నాలుగు రెక్కల ఫ్యాన్ తీసి ఆరు రెక్కలది బిగించాడు. పొగగొట్టానికి ఆస్‌బెస్టాస్ తాడు చుట్టాడు. ముందువైపు రేకు కోసి గాలికి కొత్త కిటికీలు పెట్టాడు. ఒక్కో మార్పుకు ముల్లు ఒకటి రెండు మైళ్లు ఆలస్యంగా ఎక్కేది, అంతే.

మంగళవారం నర్సింగం షెడ్డుకు వచ్చి కుర్చీ కూడా అడగలేదు.

"ఆదివారం కరీంనగర్ల మా బామ్మర్ది ఇంటికి పోవాలె. నువ్వు నా పక్కన కూసో. తొవ్వల ఒక్కతాన ఆగినా, బండిని లారీల ఏసి పట్నం పంపుత. ఆడి మెకానిక్కులు ఈ ఇంజన్ పీకి పారేస్తమన్నరు."

"ఆగది సేట్."

"ఈ ముచ్చట అయిదుసార్లు ఇన్న."

నర్సింగం వెళ్లాక వజీర్ చేతిలోని పానాను నేలకేసి కొట్టాడు. అది ఎగిరి నూనె డబ్బాను తన్నింది. షెడ్డు వెనక ఇంట్లోంచి భార్య హబీబున్నీసా తొంగిచూసింది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది దక్కనీ ఉర్దూ.

"క్యా జీ, గాడీ గరమ్ యా ఆప్ గరమ్?"

బండా, మనిషా, ఏది కాగిందో చెప్పమన్న ఆ మాటకు మరో రోజైతే నవ్వేవాడే. ఆ రోజు అన్నం సగంలో వదిలి లేచాడు.

గురువారం మధ్యాహ్నం పొరుగింటి పోశం మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. కళ్ల చుట్టూ తప్ప ముఖమంతా నలుపు. గనిలో గాలి నడిచే దారులకు పరదాలు కట్టడం అతని డ్యూటీ. గాలి ఏ దారిన లోపలికి రావాలో, ఏ దారిన బయటికి పోవాలో ఆ పరదాలే తేలుస్తాయి. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వజీరన్నా, గాలి వచ్చెటందుకు ఇన్ని కిటికీలు కోసినవ్. బాగనే ఉన్నది. మరి అది ఎల్లెటందుకు తొవ్వ ఏది?"

"ఇది గని కాదు పోశం, మోటరు."

"గాలికి ఏమెరుక అన్నా, అది గనో మోటరో!"

"నువ్వు బొగ్గుబాయిల దిగే మనిషివి, నాకు ఇంజన్ చెప్తవా?"

"చెప్త లేను. సూపెడ్త. వదినా, పొయ్యిల బూడిద జరంత జల్లిచ్చియ్యి!"

గనిలో నిప్పు వెలిగించడం నేరం. గాలి కదలిక తెలుసుకోవాలంటే మెత్తటి పొడి ఎగరేసి చూస్తారు. హబీబున్నీసా బూడిద జల్లించి తెచ్చింది. ఇంజను నడుస్తుండగా పోశం గుప్పెడు బూడిదను ముందు కిటికీల దగ్గర వదిలాడు. అది చప్పున లోపలికి పోయింది. ముగ్గురూ కారు కిందికి వంగి చూశారు. బూడిద జాడ లేదు. పక్కల నుంచీ రాలేదు. క్షణం ఆగి, లోపలికి పోయిన బూడిదే రేడియేటర్ అంచుల నుంచి మళ్లీ ముందుకే వచ్చి వజీర్ గడ్డం మీద వాలింది.

"తిరిగి తిరిగి అదే గాలి తాగుతాంది నీ బండి" అన్నాడు పోశం.

అప్పుడు వజీర్‌కు తెలిసింది. ఇంజను కింద రేకు ఉంది. బానెట్ పక్క చీలికల లోపల కాన్వాసు గుడ్డ కుట్టి ఉంది. రెండూ తన చేతితో బిగించినవే. బొగ్గు లారీల వెంట ఎగిరే నల్లదుమ్ము ఇంజనులోకి పోకుండా గోదావరిఖనిలో ప్రతి మెకానిక్కూ చేసే పనే అది. లారీ బానెట్ కింద చోటు ఎక్కువ కాబట్టి దానికి చెల్లింది. ఈ కారుకు అదే గొంతు నులిమింది. దుమ్ము రాకూడదని మూసిన దారే వేడి పోయే దారి. రోజూ సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వెండిలా మెరుస్తోందని మురిసిన ఇంజను ఇన్నాళ్లూ ఆ మెరుపు కోసమే ఉడికింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పోశం మీదే తెచ్చుకున్నాడు.

"ఇగ పో, తానం చెయ్యి. బండంత మసి చేస్తున్నవ్."

పోశం నవ్వుతూ వెళ్లాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి వజీర్ నాలుగు బోల్టులు విప్పి రేకు తీశాడు. కాన్వాసు కోసేశాడు.

ఆదివారం కారు నలభై మైళ్లూ ఆగకుండా నడిచింది. పెద్దపల్లి, సుల్తానాబాద్ దాటినా ముల్లు 185 మీదికి పోలేదు. వజీర్ దారంతా రోడ్డును కాక ముల్లునే చూశాడు. కరీంనగర్‌లో బామ్మర్ది హారం వేసి, ఇంజను చూపించమన్నాడు. నర్సింగం గర్వంగా బానెట్ ఎత్తాడు. వెండి ఇంజను మీద వేలు మందాన నల్లదుమ్ము.

"బావా, కారు కొన్నవా, బొగ్గుబాయి కొన్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తిరుగు ప్రయాణంలో రామగుండం దగ్గర నర్సింగం బండి వేగం తగ్గించి అన్నాడు.

"రేపు ఆ రేకు మళ్ల పెట్టు."

"పెడితే కాగుతది సేట్. దుమ్ముదేముంది, నేను తుడుస్త."

"మొన్నటిదాంక పెట్టింది నువ్వే గద! అప్పుడు మంచిదైంది, ఇప్పుడు చెడ్డదైందా?"

వజీర్ ముల్లు వైపే చూస్తూ, "నా చేత్తోని మాత్రం పెట్టను" అన్నాడు. సోమవారం నర్సింగం మనిషి వచ్చి కారును, గోడకు ఆనించిన రేకును తీసుకుపోయాడు.

మరుసటి వారం, మే 1న, ఒక బొగ్గు లారీ ఎర్ర కారును మోకుతో లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలింది. మళ్లీ కరీంనగర్ పోతుంటే పెద్దపల్లి దాటాక ముల్లు 212కు చేరినా, దారిలో ఆగిందంటే బామ్మర్ది మళ్లీ నవ్వుతాడని నర్సింగం ఆపకుండా తోలాడట. ఇంజను తలకాయ పగిలింది. లారీలోంచి దిగిన నర్సింగం చెమట తుడుచుకున్నాడు.

"పట్నం పంపను. నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి" అన్నాడు, కారు వైపు చూడకుండా.

కారు వజీర్ దగ్గరే మిగిలింది. దానితోపాటు రెండు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది. అతను గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. తాను నాలుగు బోల్టులతో బిగించిన రేకును ఇంకెవరో తొమ్మిది బోల్టులతో బిగించారు. రెండు బోల్టులకు మర పోయింది. వాటిని ఉలితో నరుకుతూ ఉర్దూలో తిట్టిన తిట్లు ఇంట్లోకి వినబడి, హబీబున్నీసా తలుపు దగ్గరికి వేసింది.