వేసినవాడే తియ్యాలి

పోర్టు దగ్గర మా ఆఫీసులో కంటైనర్ల రాకపోకలు చూసే సర్వర్ తరచూ మొరాయించేది. రీస్టార్ట్ చేద్దామని నేనంటే మా సీనియర్ చెయ్యి అడ్డుపెట్టేవాడు.

"ఆపేత్తే ఏటి తెలుత్తాది బావ? నడుత్తన్నప్పుడే సూడాల."

సర్వర్‌ను నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్‌లో అనుమానమున్న ఫంక్షన్ మీద ఆయన ప్రోబ్ అనే ఒక నిఘా ముక్క పెట్టేవాడు. ఆ ఫంక్షన్ పనిచేసిన ప్రతిసారీ తెర మీద ఒక వరుస పడేది. తప్పు దొరికాక ప్రోబ్ తీసేసి గాని కుర్చీలోంచి లేచేవాడు కాదు. అది ఉండిపోతే సర్వర్‌కు బరువు. నేను తీస్తానంటే నవ్వేవాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషి.

"వలేసినోడే తియ్యాల. నువ్వెల్లి టీ సెప్పు."

ఒక మధ్యాహ్నం మాత్రం తియ్యకుండానే లేచాడు. భోజనానికనుకున్నాను. మెట్ల దగ్గర కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

దినకార్యం అయ్యాక మేనేజరు నన్ను పిలిచి, సర్వర్ నెమ్మదించింది చూడమన్నారు. ఆయన ప్రోబ్ ఇంకా ఉంది. తెర మీద వరుసలు పడుతూనే ఉన్నాయి. అది తియ్యకుండా లేచాడంటే ఎంత నొప్పి వచ్చిందో అప్పుడు తెలిసింది.

తీసేశాను. సర్వర్ తేలికపడింది. నాకు మాత్రం ఆయన చేతిలోంచి పని లాక్కున్నట్టే ఉంది.