పక్క సీటు బరువు

నా పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి వెనక సస్పెన్షన్‌లో అరిగిన రబ్బరు బుష్షులు ఈ రోజు మార్పించాను. చివరి బోల్టులు బిగించబోతూ మెకానిక్ ఆగాడు.

"బండి మీద బరువుండగా బిగించాల బావా, లేకపోతే కొత్త రబ్బరు సిరిగిపోతాది. రోజూ ఎవరు కూకుంటారో ఆళ్లు కూకోవాల."

నేనొక్కణ్ణే తిరుగుతాను, రెండో సీట్లో మా కొట్లోంచి బెల్లం దిమ్మలు తెచ్చి పెడదామన్నాను.

"మరి రెండు సీట్ల బండెందుకు కొన్నావు?" అన్నాడు.

మా ఆవిడకి ఫోన్ చేశాను. కుదుపులకి నడుం పట్టేస్తోందని ఆమె ఈ కారెక్కడం మానేసి నాలుగేళ్లయింది. వచ్చి కూర్చుంది. బిగించడం అయ్యాక దిగమన్నాను.

"నా బరువుకే కదా బిగించేడు, దిగడమెందుకు? కొండకర్ల చెరువుకి పోనీయండి" అంది.

ఇన్నాళ్లూ ఆ సీట్లో నా గొడుగు కూర్చునేది. మీ బండిలో ఎవరు కూర్చుంటున్నారు?