అగర్బత్తి మచ్చ

పదిహేనేండ్ల సంది ఈ ముచ్చట నా కడుపులనే ఉంది. మా ఆయనకు సుత చెప్పలే. నాలుగక్షరాలు కూడబలుక్కొని మీకు రాస్తున్న, జర ఓపిక పట్టుండ్రి.

నిజాం రాజ్యం పోయినంక మా తాండూరుల పాత రేడియో పెట్టెలు బాగుచేసే పని మస్తుగ దొరికేది. చెక్కపని మా ఆయనది, లక్క పాలిష్ నాది. పెట్టె లోపలివైపు గోటితోని గీకి వాసన చూస్తే, అది ఏ చెక్కనో చెప్పేదాన్ని.

వికారాబాద్ పటేల్ ఒకాయన, రేడియో మిషన్ ఇంట్లనే ఉంచి ఉత్త పెట్టె తెచ్చిండు. నల్లగ మసిబారింది. గీకితే అక్రోటు చెక్క. ఆయన తల్లి శుక్రారం శుక్రారం దానిమీద అగర్బత్తి ముట్టిచ్చేదట, నడుమల కాలిన మచ్చ ఉండె. ఆ మచ్చను రుద్ది రుద్ది తీసేసి, పన్నెండు రోజులు లక్క పట్టిచ్చిన. నీళ్లల్ల ఎండ పడ్డట్టు లేచినయి చెక్కల గీతలు. అసొంటి పని మళ్ల నా చేతుల పడలే.

పటేల్ వచ్చి చూసిండు.

“గిది మాది కాదు చెల్లె. మా అమ్మ మచ్చ ఏది? అమ్మ పోయినంక నాకు మిగిలింది గదే.”

నేనే తీసేసిన అనాలె. అబద్ధం ఆడిన.

“మీది లోపలున్నది పటేలా, ఇంక కాలే. ఐతారం రాండ్రి.”

“నీ పాలిష్ ఆరేలోపట నేను ముసలోణ్ణయ్యేటట్టున్న” అని నవ్వుకుంట పోయిండు.

పటేల్ కొత్త పెట్టె సుత చూస్తనన్నడని చెప్తే, మా ఆయన అదే కొలతకు నాసి చెక్కతోని ఇంకో పెట్టె చేసిపెట్టి, యాలాలకు పనికి పోయిండు. దానికి టీ డికాషన్ పూసిన. దీపం మసి పట్టిచ్చిన. నడుమల అగర్బత్తి ఆనిచ్చి కాల్చిన. ఐతారం పటేల్ ఆ మచ్చ మీద వేలు పెట్టి కండ్లు తుడుసుకున్నడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని రైలెక్కిండు. పటేల్‌కు కొత్తదే నచ్చిందని మా ఆయనకు చెప్పిన.

భయమా అది? ఆశనా? మొదాలు భయమే. కోప్పడతడని కాదు, ఆయన మొఖం చూడలేననే. మరి మచ్చ కాల్చేటప్పుడు? అప్పుడు ఆ మెరిసే పెట్టె ఇగ నాదే అని లోపల సంబురమే ఉండె, ఆ సంబురం ఇయ్యాలటికి సుత పోలే, అదే నన్ను తింటున్నది.

పటేల్ ఇంక బతికే ఉన్నడు. తెలిసినంక ఆ మచ్చ మీద మళ్ల చెయ్యి పెడ్తడో లేదో. మాఫీ దొరుకుతదని అనుకోను. ఇన్నేండ్లు గుడ్డ కప్పి దాసిన పెట్టెను ఇయ్యాల వాకిట్లకు తెచ్చి పెట్టిన. పోయేటోళ్లు ఆగి, గింత మంచి పని ఎవరిదని అడిగిన్రు. నాదే అన్న. పెట్టె ఎవరిదని అడిగిన్రు. వికారాబాద్ పటేల్‌ది, నేను దొంగిలిచ్చిన అన్న.

రెండూ బిగ్గరగనే అన్న.