జొన్నకొట్టాల నీరుగంటి

జొన్నకొట్టాల అనే ఊరు ఒకటుందని కడప జిల్లాలోనే చాలామందికి తెలియదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. వీరపునాయునిపల్లెలో బస్సు దిగి ఎర్రమట్టి దారి పట్టుకొని అయిదు మైళ్లు నడిస్తే గానీ అది కనపడదు. కనపడ్డాక కూడా చూడ్డానికి ఏముంది? ఎనభై ఇళ్లు, ఒక చెరువు, చెరువు కింద నూటిరవై ఎకరాల వరి, మెట్టన కాస్త శనక్కాయ, తూర్పున మాలపల్లెలో సున్నం రాలిపోయిన చిన్న చర్చి. ఎన్నికలు వస్తే మాత్రం జీపులు ఎవరినీ అడక్కుండానే దారి కనుక్కొని వచ్చేవి. ఆ దిక్కుమాలిన జీపులకు దారి తెలియని పల్లె ఈ చుట్టుపక్కల ఉందా?

ఆ ఊరి చెరువు నీళ్లు పొలాలకు పంచే మనిషి పాలయ్య. ఆ పని చేసేవాణ్ణి నీరుగంటి అంటారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చిన పని. పాలయ్యకు సెంటు భూమి లేదు. భూమి లేనివాణ్ణే ఆ పనికి పెట్టాలని పాతకాలం వాళ్లు అనుకున్నారంటే ఊరికే అనుకోలేదు. సొంత పొలం ఉన్నవాడి చేతికి తూము ఇస్తే నీళ్లు ఎటు పారతాయో చెప్పే పనేముంది?

తెల్లవారగానే పాలయ్య చెప్పులు లేకుండా కయ్యల్లోకి దిగేవాడు. కయ్య అంటే వరిమడి. మట్టిని పాదంతో తొక్కి చూసి, ఆ రోజు ఏ కయ్యకు దాహం ఎక్కువో తేల్చుకొని, ఆ రైతు ఇంటికి పోయి పారకర్రతో అరుగు మీద రెండు దెబ్బలు వేసేవాడు. వంతు వచ్చిందన్నమాట. ఆ పనికి రెండు కట్టుబాట్లు ఉండేవి. కాలవ దాకానే నీరుగంటిది. కాలవలోంచి కయ్యలోకి నీళ్లు తిప్పే సందును మడవ అంటారు, దాన్ని మాత్రం రైతే తన పారతో తెరవాలి, తడి అయ్యేదాకా తన గట్టున తనే నిలబడాలి. నీరుగంటి మడవ ముట్టుకున్నాడా, ఒకరికి జానెడు ఎక్కువ పోసినాడు, ఒకరికి జానెడు తక్కువ పోసినాడు అనే మాట వచ్చిపడుతుంది. రెండోది, ఈ పొద్దు ఎవరి వంతు అని ఎవరు అడిగినా దాచకుండా చెప్పాలి. ఊళ్లోవాడు అడిగినా, దారిన పోయేవాడు అడిగినా సరే. దాచినాడంటే నీళ్లు అమ్ముకుంటున్నాడని అర్థం.

నలభై ఏళ్లలో పాలయ్య ఒక్కసారీ దాచలేదు. కళ్లంలో ఇంటికింత అని మేర గింజలు కొలిచి ఇస్తే తెచ్చుకొని, పెండ్లాం రాహేలుతో కలిసి సంగటి తిని, ఆదివారం చర్చిలో వెనక వరసలో కునుకు తీసి, అలాగే బతికేశాడు.

తర్వాత ఊళ్లోకి పార్టీలు వచ్చాయి. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఒక పార్టీ. ఆ జెండాలు దేనికోసమో అడిగితే రెండు వీధుల్లో ఒక్కడూ సరిగా చెప్పలేడు గానీ, వాటికోసం నాటుబాంబులు చుట్టడం మాత్రం అందరూ నేర్చారు. పంచాయతీ ఎన్నికప్పుడు పైవీధి వాళ్లు ఊరి ఓట్లన్నీ తామే గుద్దుకుంటామని పోలింగు బూతులోకి వచ్చారు. కిందివీధి తరఫున ఏజెంటుగా కూర్చున్న సంజన్న పెట్టె మీద చెయ్యి పెట్టి కదలనన్నాడు. అంతే, అతను చేసింది. ఆ ఒక్క పనికి అతని పేరు ఎక్కడో ఎవరి నోట్లోనో పడింది.

ఆ ఏడు వానలు ముందే ఆగిపోయాయి. వరి పొట్టమీద ఉంది, చెరువులో నీళ్లు అడుక్కు పోయాయి. ఒకరోజు పొద్దున కట్ట మీద జీపు ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి దిగి, బీడీ ముట్టించుకొని, కాలవలో ఉన్న పాలయ్యను పలకరించాడు.

"ఏమప్పా, ఈ పొద్దు ఎవరి వంతు?"

పాలయ్య తల కూడా ఎత్తలేదు. "సంజన్నది. పడమటి కయ్య, ఆ తుమ్మచెట్టు పక్కన," అని చెయ్యెత్తి చూపించాడు.

కాసేపటికి రెండు బాంబులు పేలాయి. పాలయ్య పరుగెత్తిపోయేసరికి జీపు వెళ్లిపోయింది. సంజన్న గట్టు మీద పడి ఉన్నాడు. తెరిచిన మడవలోంచి నీళ్లు కయ్యలోకి పోతూనే ఉన్నాయి. పాలయ్య తన చెయ్యి వైపు చూసుకున్నాడు. చూపించిన చెయ్యి అదే.

శవాన్ని ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి తెచ్చి పూడ్చిన మూడోరోజు, సంజన్న భార్య వనజమ్మ మాలపల్లెలో పాలయ్య ఇంటికి తనే నడిచి వచ్చింది. ఆమె ఆ పల్లెలో అడుగుపెట్టడం అదే మొదలు.

"పాలయ్యా, ఆయన కయ్య సగమే తడిసింది," అంది.

పాలయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "అమ్మా, వంతెవరిదని అడిగినోనికి నేనే చెప్పినా. చెయ్యి జూపిచ్చినా."

వనజమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "అది నీకూ నీ దేవునికీ. ఆ కయ్య ఎండిపోతే నా పిల్లోళ్లకు గింజ ల్యాదు. గట్టున నిలబడను నా ఇంట్లో మనిషి ల్యాడు. ఉండే మగోళ్లంతా కొడవండ్లు నూరుకుంటాండారు."

పాలయ్య ఆమె వెంట పోయి సంజన్న పార తీసుకున్నాడు. పడమటి కయ్యలో దిగి, నీరుగంటి ముట్టకూడని మడవను తన చేత్తో తెరిచాడు. తడి పూర్తయ్యేదాకా, నెత్తురు మరక ఎండిన ఆ గట్టు మీదే నిలబడ్డాడు.

మర్నాటి నుంచి పాలయ్య ఏ అరుగు మీద కర్రతో కొట్టినా తలుపు తెరుచుకోలేదు. ఎట్లా తెరుస్తారు? వంతు వచ్చిందంటే పొలంలో ఒంటరిగా ఫలానా చోట నిలబడతామని ఊరంతటికీ చాటినట్టే కదా. వరి కళ్లముందే పసుపుబారి వాలుతుంటే రైతులు కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు.

అట్లా ఉండగా సంజన్న తమ్ముడు ఓబులేసు ఇద్దరు మనుషులతో తూము దగ్గరికి వచ్చాడు. పులివెందుల వైపు పోయి పదిరోజులు ఎక్కడో ఉండి వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాలయ్యా, రేపు పైవీధిలో ఎవరి వంతు?"

పాలయ్య పాదాలకు తెలుసు. రేపు ఆదినారాయణది. ఆదినారాయణ పైవీధిలో పుట్టినందుకు ఆ వీధివాడయ్యాడు, అంతకు మించి అతనికి పార్టీ లేదు. కోడిని కోయాలంటే పెండ్లాన్ని పిలిచే మనిషి. అతని అక్కను పైవీధి పెద్ద ఇంటికి ఇచ్చారు, అదొక్కటే అతని నేరం.

"తెల్లారి తొక్కి చూస్తే గదప్పా తెలిసేది," అన్నాడు పాలయ్య.

"సరే. తెల్లారినాక వస్తా. అడిగితే చెప్పాల గదా నువ్వు?"

"చెప్పాలప్పా."

ఇంటికి పోయి రాహేలుకు చెప్పాడు. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ, "వంతు ఇంగొకరికి ఇయ్యి," అంది.

"పైవీధిలో ఎవురికిచ్చినా వాణ్ణే చంపుతారు."

"కిందివీధోళ్లకు ఇయ్యి."

"అప్పుడు పైవీధోళ్ల జీపు వస్తాది."

"ఎవురికీ ఇయ్యొద్దు మరి."

"పైరు సస్తాదే. ఊరు ఏం తింటాది? మనమేం తింటాం?"

రాహేలు చాట పక్కన పెట్టింది. ఆ రాత్రి ప్రార్థన చేసుకున్నారు గానీ ఏమని అడగాలో ఇద్దరికీ తోచలేదు.

తెల్లారి పాలయ్య ఆదినారాయణ ఇంటికి పోయాడు. అరుగు మీద కొట్టలేదు. మెల్లగా తలుపు తట్టి, తీసిన అతని భార్య నిర్మలమ్మతో, "అమ్మా, ఆయప్ప పార ఇయ్యి," అన్నాడు. వెనక నుంచి ఆదినారాయణ, "నా కయ్య, నేనే వస్తా," అన్నాడు. "నువ్వు రాగాకు. తలుపేసుకో," అని చెప్పి పార తీసుకొని పోయాడు.

ఎండ ఎక్కకముందే ఓబులేసు వచ్చాడు. గట్టు మీద పాలయ్యను చూసి ఆగాడు.

"ఇది ఆదినారాయణ కయ్య. ఎవరి వంతు ఈ పొద్దు?"

ఈసారి పాలయ్య తల ఎత్తి మనిషిని చూశాడు. చూడకుండా చెప్పినందుకే ఒక మనిషి పోయాడు. "నాది," అన్నాడు.

"నీకు సెంటు భూమి ల్యాదు. నీకు వంతేంది?"

"మీ యన్న సగం వదిలిన తడి నేనే పెట్టినా. అప్పుట్నుంచి అందరి వంతూ నాదే. కావాల్సింటే ఈడ్నే నన్ను నరుకప్పా. కయ్య తడిసేదాకా నేను కదల్ను."

ఓబులేసు చేతిలో తువ్వాలు చుట్టిన కొడవలి ఉంది. అతను నీళ్లను చూశాడు, పాలయ్య మోకాళ్ల దాకా అంటిన బురదను చూశాడు. చిన్నప్పుడు ఆ భుజాల మీద కూర్చొనే అతను చెరువు నిండి అలుగు పారడం చూశాడు. తుపుక్కున ఉమ్మి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ సీజనంతా రెండు వీధుల వాళ్ల గట్ల మీదా పాలయ్యే నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, కాళ్లు బురదలో నాని పగిలి పుండ్లు పడ్డాయి. రాహేలు వేపాకు నూరి కట్టేది, అతను పొద్దున్నే విప్పేసి పోయేవాడు. ఒక్క కయ్య ఎండలేదు, ఇంకొక మనిషి చావలేదు. గింజ ఇంటికి వచ్చింది.

ఇక ఊరు చేసిన న్యాయం వినండి. కళ్లాలు అయ్యాక, ఏడేళ్ల తర్వాత మొదటిసారి పైవీధి పెద్దలూ కిందివీధి పెద్దలూ ఒకే చావట్లో కూర్చున్నారు. పోలీసుల మాట మీద రాజీ చేసుకున్నారు. రాజీలో ఒక్క విషయం మీదే వాళ్లకు నిజంగా మాట కలిసింది. నీరుగంటి మడవ ముట్టినాడు, కట్టుబాటు తప్పినాడు అన్నారు. కిందివీధికి ఎక్కువ పోసినాడని పైవీధి, పైవీధికి పోసినాడని కిందివీధి. పెద్దమనుషులట! ఆ తడితో పండిన అన్నం అరగకముందే ఆ మాట అన్నారు. మేర ఇవ్వం, పనిలోంచి తీసేశాం అన్నారు. చావడి బయట నిలబడ్డ పాలయ్య ఆదినారాయణ వైపు చూశాడు. ఆదినారాయణ కాలిగోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు, నోరు తెరవలేదు. పాలయ్య తువ్వాలు భుజాన వేసుకొని ఇంటికి వచ్చేశాడు. వచ్చి, గోడవైపు తిరిగి పడుకొని, ముసలివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

మరుసటి ఏటి నుంచి నీరుగంటి లేడు. వారం వంతులన్నీ ముందే కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించడం మొదలుపెట్టారు. చదువుకున్నవాళ్లు చేసిన ఏర్పాటు. ఇప్పుడెవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు, చూసుకుంటే చాలు.

పాలయ్య కూలికి పోయి శనక్కాయ పెరుకుతున్నాడు. ఒక మంగళవారం రాహేలు ఊళ్లోకి పోయి వచ్చింది. ఆమె చిన్నప్పుడు మిషన్ బడిలో బైబిలు కోసం చదవడం నేర్చుకుంది. గోడ మీది కాగితం రోజూ చదివి రమ్మని పాలయ్యే పంపేవాడు. పని పోయినా ఆ తలపు పోలేదు మరి.

"బుధవారం ఆదినారాయణ," అంది. "పంచాయతీ ఆఫీసు కాడ జీపు నిలబడింది. ఓబులేసు ల్యాడు అందులో. జమ్మలమడుగు తట్టోళ్లంట, కొత్త మొకాలు. కాగితం చదువుకొని పోయినారు," అంది.

పాలయ్య లేచి మూలనున్న పార అందుకొని, దాని అంచు మీద వేలు పెట్టి చూశాడు.

"నీకేం పనిప్పుడు? నిన్ను తీసేసినారు గదా," అంది రాహేలు.

"తీసేసినారు."

"ఆ పొద్దు నీ కోసరం ఆయప్ప ఒక్క మాట మాట్లాడల్యా."

"మాట్లాడల్యా."

రాహేలు తెల్లారకముందే లేచి, సంగటి ముద్ద, ఉల్లిగడ్డ గుడ్డలో కట్టి చేతికిచ్చింది. ఇచ్చిన చెయ్యి వెంటనే వదల్లేదు.

పాలయ్య పోయేసరికి ఆదినారాయణ అప్పుడే మడవ తెరిచి నిలబడి ఉన్నాడు. "రాజీ అయింది గదా పాలయ్యా," అన్నాడు, అడక్కుండానే.

"అయింది. ఇంటికి పోప్పా. పైరు చాటున పో."

కట్ట మీద దుమ్ము లేవడం ఇద్దరూ చూశారు. ఆదినారాయణ వరిలో వంగి వెళ్లిపోయాడు. పాలయ్య అతను నిలబడ్డ చోటే, అతని కాలి గుర్తుల్లోనే నిలబడ్డాడు. జీపు ఆగింది. ముగ్గురు దిగి గట్టు వెంట వచ్చారు. వాళ్లలో ఒక్కడికీ పాలయ్య తెలియదు, వాళ్లను అతను భుజాన ఎక్కించుకొని తిప్పిందీ లేదు.

"ఏం ముసిలోడా, ఈ పొద్దు ఆదినారాయణ వంతని కాగితంలో ఉండాదే. ఆయప్ప యాడ?"

నీళ్లు ఇంకా సగం కయ్యకే పారాయి. పాలయ్య పారను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కాగితంలో తప్పు రాసినారప్పా. ఈ పొద్దు వంతు నాది."